మూడేళ్ళ చేపల కళ్ళు

మడుగులో మూడేళ్ళ చేపలన్నిటికీ చూపు మసకగా ఉంది. ఒడ్డున కొంగ గొంతు సవరించుకుంది.

"చూశారా? మూడేళ్ళు నిండితే కళ్ళు పోతాయర్రా! ఆ గుడ్డి బతుకెందుకు? రెండేళ్ళ వాళ్ళంతా ముందే నా నోట్లోకి వచ్చేయండి."

రెండేళ్ళ చేపలు ఏడుస్తూ బయల్దేరాయి.

"ఆగండర్రా!" అని కసిరింది తాబేలు. ఏటా తొలకరికి చేపల్ని వరసగా నిలబెట్టి కళ్ళు చూడటం దానికి అలవాటు. "నిరుడు మసక రెండేళ్ళ వాళ్ళకుంది. ముందటేడు ఏడాది పిల్లలకుంది. అంటే ఎప్పుడూ ఈ గుంపుకే! అడవి తగలబడి, ఆ బూడిద మడుగులోకి కొట్టుకొచ్చిన ఏడాది పుట్టారు పాపం. గుడ్డులోంచి వస్తూనే కళ్ళలో పడింది. నాలుగేళ్ళ వాళ్ళని చూడండి, దోమని కూడా వదలరు. పోనీ ఈ ఏడాది నీళ్ళే చెడ్డవైతే, మీకూ మసక కమ్మేది కదా?"

చేపలు గిరుక్కున వెనక్కి తిరిగాయి.

"మరి నా ఆకలో?" అంది కొంగ.

"నీకెన్నేళ్ళు, కొంగమామా?" అని అడిగింది ఓ చిట్టిచేప.

"ఏడు."

"అయితే ఆకలి ఏడో ఏటి జబ్బు మామా! ఎనిమిది నిండితే అదే పోతుంది, ఓపిక పట్టు."