కొవ్వొత్తి కరగకముందే

"చచ్చినవాళ్ళ కూడు తింటావా? సిగ్గులేదూ!"

సిమియోనా అరుపుకి కంచె మీది కోళ్ళు కిందికి దూకాయి.

గుమ్మంలో చతికిలబడ్డ ముసలాయన ఉలిక్కిపడ్డాడు. పక్కన చేతికర్ర, ఒళ్ళో పళ్ళెం. పళ్ళెంలో మెతుకు లేదు. చేప ముళ్ళు మాత్రం మిగిలాయి.

ఆత్మల పండగనాడు పోయినవాళ్ళ కోసం పెట్టిన పళ్ళెం అది. పక్కన వెలిగించిన కొవ్వొత్తి పూర్తిగా కరిగేదాకా ఇంట్లోవాళ్ళే దాన్ని ముట్టరు. ఇంకా సగం కూడా కరగలేదు.

"ఆకలేసిందమ్మా. పిలిస్తే ఎవరూ పలకలేదు."

"పలక్కపోతే మింగేస్తావా? పొద్దుట్నుంచీ పొయ్యి ముందు చచ్చాను!"

"ఎవరికి పెట్టావమ్మా?"

"నీలాంటివాళ్ళు వందమంది కలిసినా ఆయన కాలిగోటికి సరిపోరు!"

ముసలాయన శిలువ గుర్తు వేసుకున్నాడు. "పాపం, ఆయన ఆత్మ చల్లగా ఉండాలి."

అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"పులుసు బాగుంది గానీ, చింతకాయ చేప రుచిని తొక్కేసింది. అదిగో, మీ కంచె పక్క చెట్టు. సీతాకోకచిలుకలా రెండు రెక్కల ఆకు. పులుపుకి అది వెయ్యాలి. ఇక్కడందరూ మేకలకేస్తారు. కుండలో వేసింది మా అమ్మ ఒక్కతే. ఆమె తర్వాత నేను."

సిమియోనాకి ఒళ్ళు మండిపోయింది. తిన్నది దొంగతిండి, పైగా వంకలు కూడానా!

చేతికర్ర లాక్కుని వీధిలోకి విసిరేసింది.

"పో! మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే కాలు విరగ్గొడతా!"

"ఆ పని ఏరు ఎప్పుడో చేసిందిలే తల్లీ," అని నవ్వి, కుంటుకుంటూ వెళ్ళి కర్ర తీసుకున్నాడు.

కూతురు మరివిక్ పెరట్లోంచి వచ్చింది. "ఎవరమ్మా?"

"ఎవడో గతిలేని వెధవ! పడవాయనకి పెట్టిన పళ్ళెం ఊడ్చేశాడు!"

ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. కగయాన్ ఏరు ఇళ్ళ కప్పులదాకా పొంగిన నాడు, ఎవరో పడవాయన సిమియోనానీ, ఏడుస్తున్న చిన్న మరివిక్‌నీ కప్పు మీంచి దించాడు. జోరువాన. తల మీంచి పట్టా కప్పుకున్నాడు, ముఖమైనా కనపడలేదు. వణుకుతున్న ఇద్దరికీ తన గిన్నెలోని చేపల పులుసు తాగించాడు. ఒడ్డున దించి, ఇంకొకళ్ళ కోసం వెనక్కి వెళ్ళాడు.

మర్నాడు బోర్లాపడ్డ పడవ దొరికింది. మనిషి దొరకలేదు.

ఆ పులుసునే ఆయనకి తిరిగి పెట్టాలని సిమియోనా పంతం. చింతకాయ వేసింది, జామకాయ వేసింది, పచ్చిమామిడి వేసింది. ఏ ఏడూ ఆ రుచి రాలేదు.

"మళ్ళీ వండాలి. చింతకాయలు కూడా అయిపోయాయి, నా ఖర్మ!" అని గిన్నెలు ఎత్తిపడేసింది. "ఆ ముసలాడు చెప్పిన మేకల ఆకే వేసి తగలేస్తా!"

ఆకు దూసి కుండలో పడేసింది.

ఉడికాక మరివిక్ గరిటెతో రుచి చూసింది. మళ్ళీ ముంచి చూసింది.

"అమ్మా... పడవలో తాగింది ఇదే."

సిమియోనా గరిటె లాక్కుని ఒక గుక్క తాగింది. చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

మలుపు దగ్గర ముసలాయన ఎక్కిన జీప్నీ బండి అప్పుడే వెళ్ళిపోయింది. ఇంకా దుమ్ము లేస్తోంది.

"నా నోరు పడిపోను! నా చెయ్యి విరిగిపోను!" అని తనను తానే తిట్టుకుంటూ తిరిగొచ్చింది.

ఖాళీ పళ్ళెం కడిగి, మరివిక్ అందులో వేడి పులుసు పోయబోతోంది. "పడవాయన కోసం మళ్ళీ గుమ్మంలో పెట్టనా?"

సిమియోనా వంగి కొవ్వొత్తి ఊదేసింది.

"వద్దే. ఎవరికి పెట్టానో ఆయనే తినేసి వెళ్ళాడు."