గోడకి కట్టిన దండెం

పొద్దున ఆరేసిన బట్టలన్నీ పదింటికల్లా బురదలో పడి ఉన్నాయి.

దండెం ఎవరో కోసేశారు.

పాప గౌన్లు, భర్త ఆఫీసు చొక్కాలు, రెండు దుప్పట్లు. రెండు గంటల చాకిరీ మట్టిపాలు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"ఆ ముసలాడి పనే ఇది!" అంది భర్తతో.

"ఏ ముసలాడు?"

"రోజూ పొద్దున్నే వెనక సందులో నిలబడి మన పెరట్లోకి చూస్తుంటాడే, వాడు. నిన్న గేటు దాకా వచ్చి ‘ఆ గోడకి దండెం కట్టకమ్మా’ అన్నాడు. ఎందుకయ్యా అంటే ఉలుకూ లేదు, పలుకూ లేదు."

పనీపాటా లేనివాళ్లకి ఊరందరి పెరళ్లూ కావాలి అనుకున్నాడు భర్త.

ఆ ఇంట్లో అద్దెకి దిగి నెలయింది. దిగిన రోజు నుంచీ దండెంతోనే గొడవ. నైలాన్ తాడు ఎండకి సాగిపోయి దుప్పట్లు నేల ఊడ్చాయి. కొబ్బరితాడు తెల్లచొక్కాల నిండా పీచు అంటించింది. ఆఖరికి ప్లాస్టిక్ తొడుగున్న ఇనప తీగ తెచ్చారు. వంటింటి గోడకొక కొక్కెం, ఎదురుగా ఆరడుగుల పెరటి గోడకొక కొక్కెం దింపి, వేలితో మీటితే మోగేలా బిగించారు.

ఆ పెరటి గోడ నీడలోనే చాప వేసి, రెండేళ్ల పాపని కూర్చోబెట్టి, ఆవిడ బట్టలు ఉతుక్కునేది.

మళ్లీ కొత్త తీగ కట్టారు. రెండో రోజుకి అదీ తెగింది.

మూడోసారి తీగ కట్టాక, భర్త సెలవు పెట్టి మరీ తలుపు చాటున కాపు కాశాడు.

ముసలాయన రానే వచ్చాడు. చిన్న గేటు తీసుకుని లోపలికొచ్చి, జేబులోంచి కటింగ్ ప్లయర్ తీశాడు.

"దొరికావు!"

భర్త చొక్కా పట్టుకుంటే అది పర్రున చిరిగింది. ముసలాయన దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు.

"మా బట్టలు నీకేం అన్యాయం చేశాయయ్యా?"

"బట్టలు కాదు బాబూ. ఆ గోడ... తీగ లాగితే ఆగదు."

"నీకెలా తెలుసు? ఇంజనీరువా?"

"కాదు."

"మరి?"

ముసలాయన తల వంచుకున్నాడు.

"తెలుసు బాబూ, అంతే. రెండు ఇనప పైపులు పాతించి వాటికి కట్టుకోండి. పైపులు నేనే తెస్తా, గుంటలు నేనే తవ్వుతా. దీనికి మాత్రం వద్దు. పాపని అక్కడ కూర్చోబెట్టకండి."

పాప మాట ఎత్తేసరికి ఆవిడ శివాలెత్తిపోయింది.

"నా పిల్ల మీద కూడా పడిందా నీ కన్ను? ఏమండీ, ఇంకా మాటలేమిటి, మెడపట్టి గెంటండి!"

గెంటాడు. ప్లయర్ లాక్కుని తన దగ్గరే ఉంచుకున్నాడు.

"ఇంకోసారి ఈ సందులో కనిపిస్తే కాళ్లు విరగ్గొడతా. నీ తాటాకు చప్పుళ్లకి బెదిరేవాళ్లం కాదిక్కడ!"

ఇరుగూ పొరుగూ కూడా తలా ఓ తిట్టు తిట్టి సాగనంపారు. ఒకణ్ణి తిడుతుంటే కారణం అడిగేవాళ్లు ఎక్కడుంటారు!

ఆ సాయంత్రమే భర్త చిటికెనవేలంత లావు ఉక్కు తీగ తెచ్చాడు. పెరటి గోడ వైపు బిగించే మర ఒకటి పెట్టి, బలమున్నంత వరకూ తిప్పాడు.

"ఇప్పుడు కొయ్యమను, చూద్దాం."

మూడు రోజులు వాన పడింది. నాలుగో రోజు ఎండ కాసింది. భర్త ఆఫీసుకి వెళ్లగానే ఆవిడ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఉతికి దండెం మీద వేసింది. నీళ్లోడుతున్న దుప్పట్ల బరువుకి తీగ కిర్రుమంది. గోడ కింద చాప మీద పాప డబ్బా మూతతో ఆడుకుంటోంది.

గేటు ధడాలున తెరుచుకుంది. ముసలాయన!

"పిల్లని తియ్యి! పిల్లని తియ్యమ్మా!"

పిల్లనెత్తుకుపోవడానికే వచ్చాడనుకుంది ఆవిడ. ఒక్క ఉదుటున వెళ్లి పాపని చంకనేసుకుని, ఇంట్లోకి పరుగెత్తి, తలుపు గడియ పెట్టేసింది.

కిటికీలోంచి చూస్తే, ముసలాయన తలుపు వైపు రానేలేదు. గోడ దగ్గర నిలబడి రెండు చేతులతో ఆ మర తిప్పుతున్నాడు. వేళ్ల నుంచి నెత్తురు కారుతోంది. మర కదలడం లేదు.

"అమ్మా, నా ప్లయర్! ఒక్కసారి ఇయ్యమ్మా!"

"పోతావా, ఆయన్ని పిలవనా?"

కిటికీ రెక్క కూడా మూసేసింది.

ఇల్లంతా అదిరిపోయేలా చప్పుడైంది.

కాసేపటికి తలుపు తీసింది. గోడ మొత్తం పాప చాప మీద పడి ఉంది. ఇటుకల కింద నుంచి ముసలాయన చెయ్యొకటి బయటికి కనిపిస్తోంది.

భార్యాభర్తలు ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. వరండాలో ముసలాయన కూతురు ఒక్కతే కూర్చుని ఉంది.

"మా పాపని బతికించాడమ్మా మీ నాన్న. దేవుడిలా వచ్చి..." అంటూ ఆవిడ ఏడ్చేసింది.

"దేవుడూ లేదు, గీవుడూ లేదు." కూతురు కసిరింది. "మెడపట్టి గెంటినప్పుడు ఏమైంది ఈ ఏడుపు? వెళ్లండి ఇక్కణ్ణుంచి."

"గోడ సంగతి ఎలా తెలుసో ఆ ఒక్క మాట చెప్పి ఉంటే వినేవాళ్లం కదమ్మా," అన్నాడు భర్త.

"చెప్తే ఈ ఊళ్లో ఇంకెవరైనా ఆయనకి పనిచ్చేవాళ్లా?"

"ఏం పని?"

కూతురు అతని మొహంలోకి సూటిగా చూసింది.

"ఇరవై ఏళ్ల కిందట మీ ఇంటి ఓనరు రెండు రోజుల్లో అయిపోవాలని తరిమితే, పునాది తియ్యకుండా ఆ గోడ లేపిన మేస్త్రి మా నాన్నే."