రెండు సుడులు

"ఈ పేటకి కొత్తగా వచ్చారా?" అన్నాడు బార్బరు గుడ్డ కప్పుతూ.

పదిహేనేళ్ళుగా అదే కుర్చీలో క్రాపు చేయించుకుంటున్న లెక్కల మాస్టారి గుండె కలుక్కుమంది. లావు తగ్గే ఆపరేషను చేయించుకుని అరవై కిలోలు వదిలించుకున్నాక, అద్దంలో ఆ జారిన బుగ్గలవాడు ఎవడో ఆయనకే తెలియడం లేదు. ఠక్కున కళ్ళు మూసుకున్నాడు.

"భయపడకండి, కుర్చీ గట్టిదే. మా లావు మాస్టారి కోసం కింద ఇనప పట్టీ వేయించాను. ఎనిమిది నెలలైంది, మనిషి పత్తా లేడు. ఎలా ఉన్నాడో ఏమో!"

నీళ్ళు చల్లి తల రుద్దుతున్న వేళ్ళు నడినెత్తిన ఆగిపోయాయి.

"రెండు సుడులు! మాస్టారూ, మిగతా మనిషిని ఎక్కడ పెట్టొచ్చారు?"

"ఆస్పత్రిలో వదిలేశానయ్యా."

"ఈ సుడులు చూసే కదా, మీకు రెండో పెళ్ళి రాసుందని ఏడిపించేవాణ్ణి!"

"అదీ అయింది. ఎవడో రెండో మొగుడితో కాపురం చేస్తున్నట్టుందని మా ఆవిడ రోజూ గొణుగుతోంది."

"తల మాత్రం మొదటి మొగుడిదేనని నేను చెప్పానని చెప్పండి."

మాస్టారు కళ్ళు తెరిచాడు.

"ఏదీ, వెనకాల అద్దం పట్టు. నేనూ చూసుకుంటాను."