వెనక్కి వేసే నాటు

"దానికి రాకపోవుడు కాదు సారూ, నీకు చెప్పుడే రాదు! నువ్వూ, నిన్ను తోలిన నీ ఆఫీసోళ్లూ కలిసి మా పిల్లను ఆగం చేస్తున్నరు!"

రాములవ్వ అరుపుకు అక్కన్నపేట వడ్ల కల్లంలో నిలబడ్డ ఆడవాళ్లంతా అటు తిరిగారు. దారికి రెండు పక్కలా పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ముల్లో ఒకటి కరెంటు ఆటో వెనక చక్రం కింద నలిగి పడి ఉంది. హ్యాండిల్ పట్టుకుని కూర్చున్న స్వరూప తల దించుకుంది.

ట్రైనర్ రాజేశ్ మొహం ఎర్రబడింది. "పొద్దుగాల్నించి ఒక్కటే మాట చెప్తున్న అవ్వా. ఎనుకకు చూడుమంటున్న. చూస్తలేదు!"

"చూస్తనే ఉన్న సారూ," అంది స్వరూప. "మెడ తిప్పంగనే చెయ్యి గూడ తిరుగుతున్నది. ఏం చెయ్యాలె?"

"తిరగనియ్యకు. చిన్నపిల్లవా? జర బుర్ర పెట్టు!"

పెద్దవాళ్లకు నేర్పడమంటే గొంతు పెంచడమేనని రాజేశ్‌కు ఎవరు చెప్పారో గానీ, ఆ పాఠం మాత్రం బాగా వంటబట్టింది.

కూరగాయలు హుస్నాబాద్ మార్కెట్‌కు చేరవేయడానికి మహిళా సంఘానికి సర్కారు ఆఫీసు నుంచి వచ్చిన ఆటో అది. రాజేశ్‌ను పంపిందీ ఆ ఆఫీసే. రేపే సిద్దిపేటలో లైసెన్సు పరీక్ష. గీతల మధ్య నుంచి బండిని వెనక్కి నడిపి చూపించాలి. సంఘంలో ఎవ్వరూ పాస్ కాకపోతే ఆటో వేరే ఊరికి పోతుంది. మిగిలినవాళ్లు భయపడి తప్పుకున్నారు. స్వరూప తప్పుకోలేదు.

"డాక్టరు ఇగ వంగద్దన్నడు సారూ. నాట్లకు పోతే నడుము పూర్తిగ పోతదన్నడు. ఈ బండి గూడ పోతే నేనేం పని చేసుకోవాలె?"

రాజేశ్ నలిగిన డ్రమ్మును కాలితో పక్కకు తన్నాడు.

రాములవ్వ ఊరుకుంటుందా! "తన్నుడు గాదు. నేను గూడ నేర్పినదాన్నే. ఈ ఊరికొచ్చిన కొత్త కోడండ్లకు నాటేసుడు నేర్పిన. ఒక్కదాన్నన్న చిన్నపిల్లవా అన్ననా? బురదల దిగి, పక్కన నిలబడి చూపెట్టిన."

"నాటేసుడు, బండి నడుపుడు ఒక్కటేనా అవ్వా?"

"నీ బండి సంగతి నాకేమెరుక? నాటు మాత్రం అల్కగ రాదు. పొద్దుమూకే దాక ఎనుకకే నడవాలె. కొత్త పిల్ల మాటిమాటికి ఎనుకకు చూస్తది. చూసిందా, నాటు సాలు వంకరపోతది. 'ఎనుకకు చూడకే, నీ ముంగట నువ్వేసిన సాలు చూడు' అని చెప్తం. గది సీదగుంటే నువ్వు సీదగ పోతున్నట్టే."

రాజేశ్ బండి మూతి వైపు చూశాడు.

"మళ్ల చెప్పు అవ్వా." గొంతు మారింది.

"చెవుడా సారూ?" ఆడవాళ్లు నవ్వారు. కానీ రాములవ్వ మళ్లీ చెప్పింది.

రాజేశ్ పరుగెత్తి సున్నం సంచి తెచ్చాడు. కల్లం పొడుగునా ఒక తెల్లటి గీత పోశాడు. బండిని ఆ గీత మీద నిలబెట్టించాడు.

"అక్కా, మెడ తిప్పకు. అద్దాలు రెండూ నీ ముంగటనే ఉన్నయి. ఎనుక ఎవరన్న వస్తున్నరా అని అండ్ల చూసుకో. బండి మూతి కిందికెల్లి గీత బయటికొస్తుంటది. అదే నీ సాలు. ఇగ నువ్వు నాటేస్తున్నవ్, అంతే."

"గీ ముక్క ముందే చెప్పకపోతివి," అంటూ స్వరూప రివర్స్ మీట నొక్కింది.

ఆటో కదిలింది. కొంచెం దూరానికే గీత పక్కకు జరిగింది. రాజేశ్ అరవబోయాడు. అరుపు మింగేసి బండి పక్కనే నడిచాడు. "సాలు వంకరైతే ఏం చేస్తవ్ అక్కా?"

"ఆగి సర్దుకుంట."

"గట్లనే చెయ్యి."

ఆగింది. సర్దుకుంది. మళ్లీ కదిలింది. కరెంటు బండి, చప్పుడే లేదు. తెల్లగీత దాని మూతి కింద నుంచి వస్తోంది, ఇంకా వస్తోంది, దారం పట్టి లాగినట్టు. స్వరూప భుజాలు దిగాయి. చేతులు మెత్తబడ్డాయి. ఆ మొహంలో పరీక్ష లేదు, ఆఫీసు లేదు. చీలమండల లోతు నీళ్లలో సొంత పని చేసుకుంటున్న మనిషి మొహం అది.

బండి డ్రమ్ముల మధ్యకు వచ్చింది. ఒక్కదాన్నీ తాకలేదు.

అప్పుడు చూశాడు రాజేశ్. కల్లం అంచున నిలబడ్డ ఆడవాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే, ఆటోతో పాటు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నారు. ఒకే వరస. ఒకే నడక. ఒక్కరు కూడా వెనక్కి చూడటం లేదు. ఈ ఊరి ప్రతి మడిలో ఈ పాఠం నడుస్తూనే ఉంది. అడిగినవాడే లేడు.

ఆటో కల్లం చివర ఆగింది. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. రాములవ్వ కూడా! ఊరు ఊరంతా చెప్పుకోవాల్సిన వింత అది.

స్వరూప నవ్వుతూ దిగబోయింది. రాజేశ్ అడ్డం నిలబడ్డాడు.

"దిగకు అక్కా."

"ఏంది సారూ, ఇంకేం తప్పు చేసిన?"

"నువ్వేం చెయ్యలే. నాకే లైసెన్సు లేకున్నా, పుస్తకం చూసి చెప్పుమని ఆఫీసోళ్లు నన్ను తోలిన్రు. చెప్పిన." అతను చెమట తుడుచుకుని ఆటో ఎక్కాడు. "రేపు ఆ లైసెన్సు పరీక్ష నాకు గూడ ఉన్నది, జర పక్కకు జరిగి ఎనుకకు నడుపుడు నాకు ఇప్పుడే నేర్పు!"