మిగిలిన నట్టు

"మళ్లీ ఒకటి మిగిలింది!"

షెడ్డులోంచి ఆయన పెట్టిన కేకకి ఆవిడ ఏమీ ఎరగనట్టు టీ కప్పు పట్టుకుని వచ్చింది.

"ఏం మిగిలిందండీ?"

"నట్టు! ఇది ఐదోసారి. విప్పినవన్నీ లెక్కపెట్టి మరీ బిగించాను. అయినా చూడు, పళ్లెంలో కూర్చుని నన్ను చూసి ఎలా ఇకిలిస్తోందో."

ఆయన వాచీలు బాగుచేసే మనిషి. బల్ల మీద చిన్న స్క్రూ మిగిలినా ఆ వాచీని తిరిగి ఇవ్వడు. ఇప్పుడు మామగారి పాతకాలపు కారు మీద పడ్డాడు. అది శుభ్రంగా స్టార్టవుతోంది. అయినా సరే, నట్టు మిగిలిందంటే పని కానట్టే. మళ్లీ మొదటినుంచీ విప్పడమే.

"బాగయ్యాక అమ్మేద్దామా?" అని అడిగిననాడు ఆవిడ, "మీ ఇష్టం" అంది. కాపురం చేసిన వాళ్లెవరికైనా ఆ మాటకి అర్థం తెలుసు. ఈయనకి తెలియలేదు. ఆ స్టీరింగు పట్టుకునే ఆవిడ నాన్న దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంది. దాన్ని పరాయివాడు తోలుకుపోతాడంటే ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడవలేదు. నాన్న పనిముట్ల డబ్బాలోంచి ఒక్కో నట్టూ తెచ్చి, ఆయన అటు తిరిగినప్పుడల్లా పళ్లెంలో పడేస్తోంది.

"ఈసారి నా ప్రతాపం చూడు," అంటూ ఆయన ప్రతి నట్టుకీ సుద్దతో నంబరు వేశాడు.

సాయంత్రం కార్ల వ్యాపారి రానే వచ్చాడు. వచ్చినవాడు పళ్లెం పక్కనే పాతుకుపోయాడు. ఆవిడ గుప్పిట్లో నట్టు బిగించి, అతను ఎప్పుడు కదులుతాడా అని చూస్తోంది. టీ ఇస్తానంది. ఇప్పుడే తాగానన్నాడు. మంచినీళ్లంది. దాహం లేదన్నాడు. జిడ్డుగాడు!

చివరికి టైర్లు తన్ని చూడడానికి అతను ముందుకి నడిచాడు. ఆవిడ గబుక్కున పళ్లెం వైపు అడుగు వేసింది.

"అయ్యో రాత!" అన్నాడాయన. "మళ్లీ మిగిలింది!"

వ్యాపారి వెనక్కి వచ్చి చూశాడు. పళ్లెం మధ్యలో నట్టు.

"ఒక్కటేగా సార్! నేను చూసుకుంటాను, ఇచ్చేయండి."

"కుదరదు. నట్టు మిగిలిన బండి నా గేటు దాటదు."

"మరి ఎప్పుడిస్తారు?"

"ఇదిలా మిగులుతూ పోతుంటే ఏం చెప్పను? ఈ జన్మకి కాదేమో."

"మీకూ మీ కారుకీ ఓ దండం," అని అతను విసవిసా వెళ్లిపోయాడు.

ఆయన చేతులు తుడుచుకుని, తాళంచెవి ఉన్న చెయ్యి ఆవిడ ముందుకి చాపాడు. "పద, అలా ఓ రౌండు వేసొద్దాం. నువ్వే నడుపు."

"అదేంటి? నట్టు మిగిలిన బండి గేటు దాటదన్నారుగా?"

"'మీ ఇష్టం' అన్నావుగా? నా ఇష్టం ఇదే. ఎక్కు."

ఆవిడ ఎక్కి కూర్చుంది. స్టీరింగు పట్టుకోవడానికి గుప్పిట విప్పింది. పళ్లెంలో వేద్దామనుకున్న నట్టు ఇంకా అరచేతిలోనే ఉంది.