సెలవు దరఖాస్తు

కంపెనీలో చనిపోయిన ఉద్యోగుల పాత ఈమెయిళ్లను క్లౌడ్‌లోకి ఎక్కించడం వకుళ పని. ఎక్కించగానే ఆ మెయిళ్లే అచ్చం ఆ మనిషిలా జవాబులిస్తాయి. అందుకే పోయినవాళ్ల కుర్చీల్లో కొత్తవాళ్లను కూర్చోబెట్టడం ఎప్పుడో మానేశారు.

ఆమె భర్త శేషగిరి అక్కడే ఆమెకు మేనేజరుగా ఉండేవారు. పోయి ఏడాది కావస్తోంది. ఈరోజు ఆయన మెయిళ్ల వంతు వచ్చింది. ఎక్కించి, రాసింది:

"ఏమండీ, నేను, వకుళని."

"చెప్పండి మేడమ్. ఏ ఫైలు గురించి?"

ఆఫీసు మెయిల్లో ఇంటి మాట ఒక్కటి కూడా రాయకూడదని ఆయన పట్టుదల. రాయనూ లేదు. వకుళ ఆయనకు తెలిసిన భాషలోనే అడిగింది:

"రేపు మా ఆయన సంవత్సరీకం. ఒక్కరోజు సెలవు ఇప్పించగలరు."

జవాబు అచ్చం ఆయనలాగే వచ్చింది.

"పని చాలా ఉంది మేడమ్. చూసుకోడానికి ఇంట్లో ఇంకెవరూ లేరా?"