నవ్వకండి అత్తయ్యా

లోకంలో కోడళ్ళందరికీ అత్తగార్లు నవ్వరని బెంగ. ఈ ఇంటి కోడలి గోడు వేరు. ఆమె అత్తగారు నవ్వుతారు. అదీ పొట్ట పట్టుకుని, చెంగుతో కళ్ళొత్తుకుంటూ, సరిగ్గా రికార్డింగ్ జరుగుతున్నప్పుడే.

"కట్," అంది కోడలు, స్టాండుకి బిగించిన ఫోను వెనక నుంచి తల బయటపెట్టి. "అత్తయ్యా, మళ్ళీ నవ్వారు."

"నవ్వొచ్చింది, నవ్వాను. ఇందులో నా తప్పేముందమ్మా?"

ముందుగదిలో సోఫా అవతలికి నెట్టి, కుట్టుమిషను పెట్టి, దాన్ని టైలరు కొట్టు చేశారు. మెళ్ళో టేపు వేసుకున్న ఆడపడుచు టైలరు. షర్టు తీసుకెళ్ళడానికొచ్చిన కస్టమరు భర్త. షర్టుకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అదీ స్కిట్టు. రాసింది కోడలు. దర్శకత్వం కూడా ఆమెదే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఇంటర్నెట్లో హాస్యం నడిపే ఒక ఛానల్ వాళ్ళు ఇదే స్కిట్టు ఆడియో ఒకటి, వీడియో ఒకటి సాయంత్రానికల్లా పంపమన్నారు. నవ్వొస్తే వారం వారం ఒకటి, కింద ఆమె పేరు. నవ్వు రాకపోతే నమస్కారం.

ఆడియో మధ్యాహ్నమే అయిపోయింది. వీధిలో హారన్లు వినపడకుండా ముగ్గురూ పడకగదిలో పెద్ద దుప్పటి కప్పుకుని చదివేశారు. "అవును" అనాల్సిన చోట భర్త తలూపి ఊరుకున్నాడు. ఆడియోలో తలూపితే ఎవరికి వినపడుతుందండీ అని కోడలు కోప్పడి, మళ్ళీ చదివించింది. మంచం చివర కూర్చుని అంతా విన్న అత్తగారు కిక్కురుమనలేదు.

"దుప్పటి కింద ఇవే మాటలు చెప్పాం కదా. అప్పుడు రాని నవ్వు ఇప్పుడెలా వస్తోంది?"

"అప్పుడు రాలేదమ్మా. వస్తే నవ్వనూ?"

కోడలు మళ్ళీ ఫోను వెనక్కి వెళ్ళింది. "యాక్షన్."

"నా కుట్టులో తేడా లేదండీ," అంది ఆడపడుచు. "మీ చేతులే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి."

భర్త షర్టు చేతుల వంక చూసుకున్నాడు.

అత్తగారు భళ్ళున నవ్వారు.

"కట్. ఏమండీ, మీరు కూడా. అక్కడ బిక్కమొహం వెయ్యాలి."

"వేశాను కదా."

"అది మీ మామూలు మొహం."

"అన్నయ్యకి రెండూ ఒకటే వదినా," అంది ఆడపడుచు, టేపు చుట్టుకుంటూ.

"నువ్వలా నన్నే చూస్తుంటే నాకు మాటలే గుర్తురావడం లేదు," అన్నాడు భర్త.

కోడలు అత్తగారిని ఫ్రిజ్ పక్కకి మార్చింది. అక్కడా నవ్వారు. చూసి చూసి తన వెనకే స్టూలు వేసి కూర్చోబెట్టింది. కాసేపు బుద్ధిగానే ఉన్నారు. తరవాత స్టూలు పక్కకి ఈడ్చుకుని, తొంగిచూసి, మళ్ళీ మొదలుపెట్టారు. కిటికీలో వెలుతురు పల్చబడుతోంది.

"అత్తయ్యా, మీరు బాల్కనీలో కూర్చోండి."

"నన్ను బయటికి పొమ్మంటున్నావా?"

"గాలి బాగుంటుంది."

"డైరెక్టరని పేరు పెట్టుకుంటే చాలు, జైలరైపోతారు," అంటూ ఆవిడ పేపరు చంకన పెట్టుకుని వెళ్ళారు. కోడలు తలుపు వేసి, గడియ కూడా పెట్టింది.

ఈసారి ఎక్కడా ఆగలేదు. ఒక్క మాట తప్పు పోలేదు. ముగ్గురూ తలలు దగ్గరపెట్టి ఫోనులో చూశారు. స్కిట్టు అయిపోయింది. ఎవరికీ నవ్వు రాలేదు.

"లైటింగ్ బాగుంది," అన్నాడు భర్త చివరికి.

"వార్తలు చదివినట్టుంది వదినా," అంది ఆడపడుచు.

కోడలు వీడియో ఇంకోసారి పెట్టి చూసింది. ఇది పంపడమూ, మానెయ్యడమూ ఒకటే. ఇందాకటి దాకా గది నిండా ఉన్న సందడి ఏమైందా అని ఆలోచించింది. తట్టింది. స్కిట్టులో లోపం లేదు, లేనిది అత్తగారి నవ్వొక్కటే. ఆ నవ్వేదో రికార్డు చేసి దీనికి అతికిస్తే సరి.

వెళ్ళి గడియ తీసింది.

"అత్తయ్యా, లోపలికొచ్చి నవ్వాలి మీరు."

"ఇందాక నవ్వద్దన్నావు."

"ఇప్పుడు నవ్వమంటున్నాను."

"తిప్పితే రావడానికి నవ్వేమన్నా కుళాయా అమ్మా?"

బతిమాలి తీసుకొచ్చింది. సోఫాలో కూర్చోబెట్టి, వీపుకి దిండు పెట్టి, కళ్ళజోడు తెచ్చిచ్చి, వీడియో ఉన్న ఫోను చేతికిచ్చింది. నవ్వు పట్టుకోవడానికి ఆడపడుచు రెండో ఫోను ఆవిడ గడ్డం దగ్గర పెట్టుకుని కాచుకుంది.

అత్తగారు శ్రద్ధగా చూశారు. టైలరు మాట వచ్చింది. బిక్కమొహం వచ్చింది, ఉన్నంతలో. ఆవిడ పెదవి కూడా కదల్లేదు.

"తరవాతేమైంది?" అన్నారు.

"తరవాతేమీ లేదు. అంతే." కోడలు సోఫా అంచున కూలబడింది. "ఇంతసేపూ విరగబడి నవ్వింది దీనికే కదా అత్తయ్యా. ఇప్పుడేమొచ్చింది?"

అత్తగారు ఫోను ఇటు తిప్పి, అటు తిప్పి చూశారు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎన్నడూ లేనిది, ఆవిడ మొహం చిన్నబోయింది.

"తప్పు నాదేనమ్మా. నువ్వు ఫోను వెనక నిలబడి వాళ్ళ మాటలన్నీ పెదాలతో అంటూ, కళ్ళు తేలేస్తూ, మూతి బిగిస్తూ, అంత బిక్కమొహం వేస్తున్నావు చూడూ, నేను స్కిట్టంటే అదే అనుకున్నాను. వీళ్ళిద్దరూ ఊరికే నీకు షర్టు పట్టుకోవడానికి నిలబడ్డారనుకున్నాను."